ఎంపీ ఆఫీసులో ఐదేళ్లు, ఒక అండర్‌బ్రిడ్జి

మా మేనత్త వాళ్ల ఊరి శ్మశానం రైలు పట్టాలకు అవతల ఉంది. 2021 నవంబర్‌లో రాయలసీమ అంతా వానలు కుమ్మేసిన వారంలో ఆ ఊళ్లో ఒక పెద్దాయన పోయాడు. పట్టాల కింద అండర్‌బ్రిడ్జిలో నిలువెత్తు నీళ్లు. పాడె మోస్తున్న నలుగురూ కట్ట ఎక్కి, పట్టాలు దాటి, అవతల కంకర మీద జారుకుంటూ దిగారు. రైలు వస్తే కేక వెయ్యడానికి అటొకడు ఇటొకడు కుర్రాళ్లు తువ్వాళ్లు పట్టుకుని నిలబడ్డారు. ఆ వీడియో నా ఫోన్‌కి వచ్చినప్పుడు నేను ఎంపీగారి క్యాంపు ఆఫీసులో కూర్చుని తిరుమల దర్శనానికి సిఫార్సు లెటర్లు టైపు చేస్తున్నాను.

వీడియో వెనకాలే అత్త ఫోన్.

"రెండేండ్ల నాడు నీ చేతికే కదరా అర్జీ ఇస్తిమి. ఏం జేసినావు దాన్ని?"

చేశాను. లెటర్ రాశాను, రిజిస్టర్‌లో ఎక్కించాను, జవాబొస్తే ఫైల్లో పెట్టాను. అంతకంటే ఇంకేం చెయ్యాలో అప్పటికి నాకు తెలియదు.

2019 నుంచి 2024 దాకా ఒక లోక్‌సభ సభ్యుడి దగ్గర ఆఫీసు అసిస్టెంట్‌గా పనిచేశాను. ఆయన పేరు, నియోజకవర్గం పేరు రాయను. ఆయనిప్పుడు పదవిలో లేరు, నేనూ ఆ ఉద్యోగంలో లేను. ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు, మూడొంతులు పల్లెలు, చెనక్కాయ చేలు, చీనీ (బత్తాయి) తోటలు, మధ్యలో రైలు లైను. ఇంతవరకు చెబితే చాలు.

మే 23న ఫలితాలొచ్చాయి, జూలైలో నన్ను పిలిచారు. అంతకుముందు మూడేళ్లు మీసేవ సెంటర్‌లో పనిచేశాను కాబట్టి ఆదాయ సర్టిఫికెట్ నుంచి అడంగల్ దాకా ఏ కాగితం ఎక్కడ పుడుతుందో తెలుసు. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయగలను. అది చాలన్నారు. ఆఫీసంటే ఎంపీగారి ఇంటి ముందు రేకుల షెడ్డు, దాని వెనక రెండు గదులు. షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలు, వాటర్ క్యాను, దానికి గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు. నా బల్ల మీద రెండు లావుపాటి రిజిస్టర్లు. ఒకటి ఇన్‌వర్డ్, రెండోది డిస్పాచ్. నాకంటే ముందునుంచీ ఉన్న పెద్దాయన మొదటి రోజే చెప్పాడు: "మనం ఇక్కడ ఏదీ మంజూరు చెయ్యం బాబూ. చేసేవాళ్లకి రాస్తాం, అంతే."

పొద్దున ఏడింటికల్లా జనం. పెన్షన్ ఆగిపోయిందని ఒకరు, వీధి కాలువ తియ్యలేదని ఒకరు, తమ్ముడు వాటా ఇవ్వలేదని ఒకరు, బండి స్టేషన్‌లో పెట్టుకున్నారని ఒకరు. నేను చూసినంతలో పదిమందిలో ఏడుగురి పని ఎంపీది కాదు. అది పంచాయతీదో, ఎమ్మార్వోదో, ఎమ్మెల్యేదో. కానీ ఆ మాట మనం అనకూడదు. ఒకసారి నోరుజారి అన్నాను. "ఓటు రెండూ ఏసినాం కదప్పా, ఒగటే ఏసినామా?" అన్నాడాయన. తప్పు లేదు. అప్పటి నుంచి అర్జీకి పైన ఒక కవరింగ్ లెటర్ పెట్టి కలెక్టర్‌గారికో, ఆర్డీవోగారికో 'తగు చర్య నిమిత్తం' అని పంపేవాణ్ణి. పనయ్యిందో లేదో నాకు తెలిసేది కాదు. అయితే ఎవరూ చెప్పరు, కాకపోతే మళ్లీ వస్తారు.

ఎంపీ అంటే ఢిల్లీలోనే కూర్చుంటాడని మా వైపు ఒక నమ్మకం. ఆ ఐదేళ్ల లోక్‌సభ మొత్తం కూర్చున్నది 274 రోజులు. ఏడాదికి సగటున 55. మిగతా రోజులన్నీ మా సార్ ఇక్కడే, కారులోనే. పెళ్లి, చావు, తిరునాళ్లు, పార్టీ మీటింగు, మళ్లీ పెళ్లి. ముహూర్తాలున్న నెలల్లో రోజుకి ఇరవై పెళ్లిళ్లు. ఏ ఊరి పెళ్లికి పోయి ఏ ఊరిది వదిలేశారో రాసుకోవడానికి వేరే డైరీ. ఆ డైరీ కూడా నాదే.

లెటర్లలో మూడు రకాలకి గిరాకీ ఎక్కువ. మొదటిది తిరుమల. దాని గురించి చెప్పక్కర్లేదు. రెండోది రైలు బెర్తుకి ఎమర్జెన్సీ కోటా. పీఎన్ఆర్ నంబరు, ప్రయాణికుడి పేరు, ఫోన్ నంబరు రాసి ముందు రోజే పంపాలి. బెర్తు దొరికినవాళ్లు ఒక్కరు కూడా ఫోన్ చేసి చెప్పిన పాపాన పోలేదు. దొరకనివాళ్లు మాత్రం రాత్రి పదకొండింటికి ప్లాట్‌ఫాం మీద నుంచి చేసేవాళ్లు. మూడోది కేంద్రీయ విద్యాలయంలో సీటు. ఎంపీకి ఏడాదికి 10 సీట్లు సిఫార్సు చేసే హక్కుండేది. 10 సీట్లకి వందల అర్జీలు. పదిమంది దండం పెట్టేవాళ్లు, మిగిలినవాళ్లంతా మొహం తిప్పుకునేవాళ్లు. 2022 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కోటా ఎత్తేసింది. టీవీలో స్క్రోలింగ్ చూసి సార్ కుర్చీలో వెనక్కి వాలి, "హమ్మయ్య, ఇంకొక యాభై ఇళ్లకి ధైర్యంగా పోవచ్చు" అన్నారు. వేరేచోట్ల లెటర్‌హెడ్ల మీద ముందే సంతకాలు పెట్టి ఆఫీసులో వదిలేస్తారని విన్నాను. ఈయన మాత్రం ఐదేళ్లలో ఒక్క ఖాళీ కాగితం మీద సంతకం పెట్టలేదు. దానివల్ల నేను లెటర్లు పట్టుకుని పెళ్లి మండపాల చుట్టూ తిరిగిన రోజులు చాలా ఉన్నాయి.

ఇవి కాక ప్రధానమంత్రి సహాయనిధి లెటర్. ఈ ఒక్కటి టైపు చేసేటప్పుడు మాత్రం చెయ్యి కాస్త జాగ్రత్తపడేది. ఆస్పత్రి ఇచ్చిన ఎస్టిమేట్, ఆదాయ సర్టిఫికెట్, ఆధార్, ఫోటోలు కావాలి. ఆస్పత్రి వాళ్ల జాబితాలో ఉండాలి. ఆపరేషన్‌కి ముందే పెట్టుకోవాలి. డబ్బు రోగి చేతికి రాదు, నేరుగా ఆస్పత్రికి పోతుంది. ఒకావిడ కొడుకు గుండె ఆపరేషన్ కోసం మూడుసార్లు తిరిగింది. మొదటిసారి తెచ్చిన ఆస్పత్రి జాబితాలో లేదు. రెండోసారి ఎస్టిమేట్ మీద డాక్టర్ సంతకం ఉంది కానీ స్టాంపు లేదు. మూడోసారికి అన్నీ సరిపోయాయి. కొన్నాళ్లకి ఆమె ఇంటికి ఢిల్లీ నుంచి మంజూరు లెటర్ వచ్చింది. దాన్ని లామినేషన్ చేయించి మాకు చూపించడానికి తెచ్చింది. అయిన ఖర్చులో ఆ మొత్తం పావు వంతు కూడా కాదు. అయినా ఆ కాగితం మూలన పసుపు బొట్టుంది.

ఇక ఎంపీ నిధులు. ఏడాదికి 5 కోట్లు అనగానే అది సార్ బ్యాంకు ఖాతాలో పడుతుందని చదువుకున్నవాళ్లు కూడా అనుకుంటారు. పైసా కూడా ఆయన చేతికి రాదు. ఫలానా పని చెయ్యండని ఆయన సిఫార్సు చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం, చేసేది పంచాయతీరాజ్ లాంటి శాఖలు. గుడికీ చర్చికీ మసీదుకీ ఇవ్వకూడదు. ప్రైవేటు స్థలంలో కట్టకూడదు. నిధుల్లో 15 శాతం ఎస్సీలు ఉండే ప్రాంతాలకి, 7.5 శాతం ఎస్టీలు ఉండే ప్రాంతాలకి పోవాలి. ఒకసారి ఊరికే లెక్కేశాను. నియోజకవర్గంలో 800 ఊళ్లనుకుంటే ఊరికి 62,500 రూపాయలు. దాంతో ఒక వీధికి సిమెంటు రోడ్డు కూడా పూర్తిగా రాదు. పైగా కోవిడ్ వచ్చి 2020 ఏప్రిల్‌లో అదీ ఆపేశారు. 2021 నవంబర్‌లో తిరిగి ఇచ్చారు గానీ ఆ ఏడాదికి 2 కోట్లే అన్నారు. ఆ ఏడాదిన్నరలో "సార్, కమ్యూనిటీ హాలు" అని వచ్చినవాళ్లకి నిధులు లేవని చెబితే మాస్కు పైనుంచి కళ్లతోనే నవ్వేవాళ్లు. నమ్మలేదన్నమాట.

అండర్‌బ్రిడ్జి దగ్గరికి వస్తాను.

ఆ ఊరి దగ్గర ఒకప్పుడు కాపలా లేని గేటుండేది. దేశమంతా బ్రాడ్‌గేజ్ మీద అలాంటి గేట్లన్నీ 2019 జనవరికల్లా తీసేశారు. మా అత్త వాళ్ల ఊరిది 2018లోనే తీసేసి, పట్టాల కింద తక్కువ ఎత్తు సబ్‌వే, అంటే ఈ అండర్‌బ్రిడ్జి, కట్టారు. గేటు తియ్యడం మంచి పనే, అలాంటి గేట్ల దగ్గర పోయిన ప్రాణాల గురించి మా వైపు ఎవర్నడిగినా చెబుతారు. కానీ నేలకంటే పది అడుగులు దిగువకి తవ్వి రోడ్డేస్తే వాననీళ్లు ఏ దారిన పోవాలన్నది తేలలేదు. చెనిక్కాయ కట్టె నింపిన ట్రాక్టరు ఎటూ దాంట్లో పట్టదు. వానొస్తే మనుషులూ పోలేరు. చుట్టూ తిరిగి మెయిన్ రోడ్డెక్కితే పదకొండు కిలోమీటర్లు.

2019 సెప్టెంబర్‌లో అత్త, ఇంకో నలుగురు వచ్చి అర్జీ ఇచ్చారు. నేను రైల్వే డివిజన్ ఆఫీసుకి సార్ సంతకంతో లెటర్ పంపాను. మొదట, మీ లెటర్ అందింది, పరిశీలింపజేస్తున్నాం అని ఒక వాక్యం జవాబు. మూడు నెలలకి అసలు జవాబు. సబ్‌వే డిజైన్ ప్రకారమే కట్టాం, నీళ్లు పోవాల్సిన దారి రైల్వే హద్దు అవతల ఉంది, రాష్ట్ర శాఖల్ని సంప్రదించగలరు. దాన్ని ఇటువైపు శాఖకి పంపాను. వాళ్ల జవాబు: సబ్‌వే రైల్వే ఆస్తి, మా పరిధిలో లేదు. రెండు లెటర్లూ ఒకే ట్యాగుకి గుచ్చి ఫైలు కట్టేశాను. నిజం చెప్పొద్దూ, పని పూర్తయ్యిందనే అనుకున్నాను. రెండు వైపుల నుంచీ జవాబొచ్చింది కదా!

పాడె వీడియో చూశాక సార్ ఫైలు తెప్పించుకున్నారు. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. నన్ను తిడతారనుకున్నాను, తిట్టలేదు. "ఈ ఇద్దరూ ఎప్పుడైనా ఆ నీళ్ల దగ్గర కలిసి నిలబడ్డారా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ నెలాఖర్లో శీతాకాల సమావేశాలు మొదలు. ప్రశ్న వేద్దామన్నారు. లోక్‌సభలో ప్రశ్న వెయ్యడమంటే లేచి నిలబడి అడగడమే అనుకునేవాణ్ణి. ఢిల్లీలో ఉండే మా సార్ పీఏ ఫోన్‌లో పాఠం చెప్పాడు. ఆయన మలయాళీ, అంతకుముందు ముగ్గురు ఎంపీల దగ్గర చేశాడు, తెలుగు హిందీ ఇంగ్లీషు కలిపి కొట్టేవాడు. నోటీసు కనీసం 15 రోజుల ముందివ్వాలి. వారంలో ఒక్కో శాఖకి ఒక్కో రోజు, రైల్వేకి బుధవారం. వచ్చిన నోటీసుల్ని లాటరీ తీస్తారు. నోటితో జవాబు చెప్పేవి రోజుకి 20, రాతపూర్వకంగా ఇచ్చేవి 230. మాది రెండో దాంట్లో పడింది. అది కూడా అదృష్టమే అన్నాడు.

ప్రశ్న నేనే రాశాను. (ఎ) ఫలానా చోట సబ్‌వేలో నీళ్లు నిలుస్తున్నాయన్న విషయం ప్రభుత్వ దృష్టిలో ఉందా? (బి) ఉంటే వివరాలు? (సి) తీసుకున్న చర్యలు? జవాబొచ్చిన రోజు రాత్రి వెబ్‌సైట్‌లో చూసుకున్నాను. గేట్ల స్థానంలో వంతెనలు, సబ్‌వేలు కట్టడం నిరంతర ప్రక్రియ అని ఒక పేరా. మిగతా వాటికి 'ప్రశ్న ఉత్పన్నం కాదు'. తప్పు నాదే. 'ఉందా, లేదా' అని అడిగితే 'లేదు' అన్న ఒక్క ముక్కతో దాని తోకలన్నీ తెగిపోతాయి. ఎన్ని, ఎప్పటినుంచి, ఎంత ఖర్చు అని అడగాలి. పీఏ నవ్వి, "ఫస్ట్ టైం అందరూ అలాగే రాస్తారు" అన్నాడు.

నేను దిగాలుగా కూర్చుంటే రెండో రోజు ఒక విచిత్రం జరిగింది. రైల్వే ఇంజినీరు ఒకాయన మా ఆఫీసుకి తనంతట తనే ఫోన్ చేశాడు. "సార్, ఆ సబ్‌వే మేటరు, ఒకసారి చూద్దామా?" రెండేళ్లలో మాకు అటునుంచి వచ్చిన మొదటి ఫోన్ అది. తర్వాత తెలిసింది. పార్లమెంటులో ప్రశ్న పడగానే జవాబు కోసం మంత్రిత్వ శాఖ జోన్‌ని అడుగుతుంది, జోన్ డివిజన్‌ని అడుగుతుంది, డివిజన్ ఆ సెక్షన్ ఇంజినీర్ని అడుగుతుంది. ఢిల్లీలో అచ్చయిన నాలుగు లైన్ల కోసం కింద పదిమంది ఆ ఊరి పేరు పలికారు. సభలో వచ్చిన జవాబు కంటే ఆ ఫోన్లే మాకు పనికొచ్చాయి. ఈ రహస్యం తెలియడానికి నాకు రెండున్నరేళ్లు పట్టింది.

2022 ఫిబ్రవరిలో జాయింట్ ఇన్‌స్పెక్షన్ పెట్టించాం. దిశ కమిటీ అని ఒకటుంటుంది. కేంద్ర పథకాలు జిల్లాలో ఎలా నడుస్తున్నాయో చూసే కమిటీ, దానికి ఎంపీ అధ్యక్షుడు. ఆ మీటింగులో సార్ కలెక్టర్‌గారి పక్కన కూర్చుని తేదీ అక్కడికక్కడే ఖాయం చేయించారు. ఆ రోజు రైల్వే ఇంజినీరు, పంచాయతీరాజ్ ఏఈ, మండల సర్వేయరు, వీఆర్వో, సర్పంచి, సగం ఊరు. వానలు పోయి రెండు నెలలైనా సబ్‌వేలో మోకాలు లోతు ఆకుపచ్చ నీళ్లు, ఒడ్డున బర్రెలు. రెండు శాఖలవాళ్లూ మొదటిసారి ఒకే నీళ్లని చూశారు. టేపు పట్టింది నేనే.

రైల్వే హద్దు లోపల గుంత తీసి పంపు పెట్టడం రైల్వే పని. పంపు తోడిన నీళ్లని మూడొందల మీటర్ల అవతల ఉన్న వంకలో కలపడం ఇటువైపు పని. మధ్యలో ఒక చీనీ తోట. తోట ఆసామి గెనం మీద చేతులు కట్టుకుని నిలబడి అంతా విని, "ఎంపీ రానీ, కలెక్టర్ రానీ, నా తోటలో గడ్డపార దిగేది లేదు" అన్నాడు. ఆయన్ని విలన్ అనుకోవద్దు. మూడు బోర్లు ఎండి నాలుగో దాంట్లో నీళ్లు పడితే పెంచిన చెట్లవి. కాపుకొచ్చి నాలుగేళ్లే.

అప్పుడు సర్వేయరు సంచిలోంచి ఎఫ్ఎంబీ షీటు తీశాడు. పొలం కొలతల పటం. దాంట్లో తోట పక్కనుంచి వంక దాకా పాత బండ్ల బాట ఉంది. భూమ్మీద మాత్రం లేదు. బాటలో సగం ఆసామి కంచె లోపలికి పోయింది. సర్వేయరు పటం మీద వేలు పెట్టి చూపించాడు, ఊరంతా మూగింది. ఆసామి మొహం పాలిపోయింది. నాకప్పుడు భలే హుషారొచ్చింది, గెలిచేశాం అనిపించింది. సార్‌కి ఫోన్ చేసి చెప్పాను. "ఆ పటం మూసెయ్యమని చెప్పు. నేనొస్తాను" అన్నారు.

వచ్చింది పదిరోజుల తర్వాత, పక్క ఊళ్లో పెళ్లికి వచ్చి. ఆసామి ఇంటి అరుగు మీద కూర్చుని మజ్జిగ అడిగి తాగారు. చీనీ ధర ఎట్లుంది, తెగులు ఏమైనా ఉందా అని అరగంట. బాట మాట ఎత్తలేదు. లేవబోతూ, "ఊళ్లో పాడె పట్టాలెక్కి పోయిందంటన్నా, నువ్వూ పోయినావా ఆ రోజు?" అన్నారు. పోయాడు. చచ్చిపోయిన పెద్దాయన ఆయనకి వరసకి బావ. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఆసామే అన్నాడు, కంచె ఆరడుగులు జరుపుతాను, కాలువ మీద నా ట్రాక్టరు పోవడానికి ఒక స్లాబు వెయ్యండి అని. స్లాబు ఎస్టిమేట్‌లో చేరింది. అంతా కలిపి 13 లక్షల 80 వేలు తేలింది.

ఆ 13 లక్షల 80 వేలు ఎంపీ నిధుల్లో పెట్టించడం ఇంకో యుద్ధం. అప్పటికే ఒక్కో మండలం నాయకుడి చేతిలో ఒక్కో జాబితా. "ఒక్క ఊరి కాలువకి అంతా?" అని ఒకరు. "ఆ ఊళ్లో మనకెన్ని ఓట్లొచ్చాయి సార్?" అని ఇంకొకరు, నా ముందే. సార్ ఆయనకి జవాబు చెప్పలేదు, ఊరి పేరు మాత్రం జాబితాలోంచి తియ్యలేదు. సిఫార్సు లెటర్ పోయింది. ఈలోగా 2023 ఏప్రిల్ 1 నుంచి నిధుల మార్గదర్శకాలు మారాయి, డబ్బు నడిచే పద్ధతి మారింది. మా ఫైలు పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ మధ్య నాలుగు నెలలు ఆగింది. ప్రణాళికా విభాగం గుమస్తా నన్ను చూడగానే "రాలేదు" అని తల ఊపేవాడు, నేను నోరు తెరవక ముందే.

అటు రైల్వే పంపు సంగతి కూడా 'ప్రతిపాదనలో ఉంది' దగ్గరే ఉండిపోయింది. అందుకని 2023 మార్చిలో 377 కింద లేవనెత్తుదామన్నారు. అది వేరే దారి. 377వ నిబంధన కింద సభ్యుడు ఒక విషయాన్ని 250 మాటల లోపు చదవొచ్చు. తర్వాత సంబంధిత మంత్రి లెటర్ రాసి తీరాలని ఆనవాయితీ. ఫైలు కాపీలు పట్టుకుని నన్నూ రమ్మన్నారు. గుంతకల్లులో కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కాను, రెండు రాత్రులు. అందరికీ కోటా లెటర్లు రాసిన నాకు ఆర్ఏసీ. పీఏ కోసం తీసుకుపోయిన చీనీకాయల బుట్టని ఒళ్లో పెట్టుకుని సగం దారి కూర్చునే పోయాను.

సార్‌కి ఇచ్చిన ఇల్లు నార్త్ అవెన్యూలో. పాత ఫ్లాటు, వంటింట్లో గ్యాసు పక్కనే ఫైళ్లు. తెలుగులోనే చదువుతానని ముందే చెప్పారు. సభలో అనువాదకులుంటారు, ఇబ్బంది లేదు. రాసింది నేను. మూడు రోజుల నుంచి ఆయన దాన్ని ప్రాక్టీస్ చేస్తున్నారు. ముప్ఫై ఏళ్లుగా మైకులు పట్టుకున్న మనిషి, లుంగీ కట్టుకుని, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, స్కూలు పిల్లాడిలా గడియారం చూసుకుంటూ చదివారు. "పాడె అన్న మాట ఉంచుదామా?" అని నన్నడిగారు. ఉంచుదామన్నాను.

ఆ రోజు నాకు లోపలికి పాస్ దొరకలేదు. ఢిల్లీ దాకా పోయి సంసద్ టీవీలో చూశాను. పదకొండింటికి సభ మొదలైంది. ఇటువాళ్లూ లేచారు, అటువాళ్లూ లేచారు, నినాదాలు. నిమిషాల్లో వాయిదా. రెండింటికి మళ్లీ అదే. ఆ మార్చి నెల చాలా రోజులు అలాగే పోయింది. 377 విషయాలు సభ ముందు ఉంచినట్టుగా భావిస్తామని చదివేశారు. అంటే కాగితం బల్ల మీద పెట్టినట్టు లెక్క. రికార్డులో చేరుతుంది, ఎవరూ వినరు. సాయంత్రం సార్ వచ్చి చెప్పులు విడిచి, మాట్లాడకుండా చాలాసేపు చీనీకాయ వలుచుకుంటూ కూర్చున్నారు. నాకు ఆయన మీద జాలేసింది. ఎంపీ మీద జాలి పడే రోజొస్తుందని అనుకోలేదు. పీఏకి మాత్రం ఏ బాధా లేదు. "రికార్డులోకి పోయింది కదా, లెటర్ వస్తుంది" అన్నాడు.

వచ్చింది, జూన్‌లో. మంత్రిగారి సంతకంతో, ఈసారి మూడు పేరాలు. నీళ్లు తోడే ఏర్పాటు, దిగే దారి మీద రేకుల కప్పు మంజూరయ్యాయని. ఎవరూ వినని ఆ కాగితానికి. దాన్ని జిరాక్సు తీసి అత్తకి పంపాను. "ఇంగ్లీషులో ఉంది, పంపు యాడుందో చెప్పు" అంది.

గుంత, పంపు 2024 జనవరికి పూర్తయ్యాయి. కాలువ ఫిబ్రవరిలో మొదలుపెట్టి మార్చి మొదటి వారానికి స్లాబుతో సహా అయ్యింది. ప్రారంభానికి శిలాఫలకం చెక్కించారు. తేదీ కుదరలేదు, మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చేసింది. కోడ్ రాగానే నాయకుల పేర్లున్న ఫలకాలన్నీ మూసెయ్యాలి. పంచాయతీ వాళ్లు దానికి ఎరువుల సంచి చుట్టి పురికొస కట్టారు. ఎన్నికలయ్యాక ఆ సంచి విప్పినవాళ్లు లేరు. నేను మళ్లీ మీసేవ పనిలోకి వచ్చేశాను.

అక్టోబర్‌లో ఒక రాత్రంతా వాన. పొద్దున ఆరింటికి అత్త ఫోన్. గుండె ఝల్లుమంది.

"నీళ్లు నిలబడినాయా అత్తా?"

"రాత్రి నిలబడినాయి. మోటరు ఆన్ చేసే పిల్లోడు పెండ్లికి పోయినాడంట. ఇప్పుడొచ్చి ఏసినాడు, దిగిపోతాండాయి." కాసేపాగి అంది, "ఒరే, ఆ మోటరు దగ్గర పర్మినెంటుగా ఒక మనిషిని పెట్టమని లెటర్ రాయించల్ల. కొత్త ఎంపీ ఆఫీసులో నీకు తెలిసినోళ్లు ఎవరైనా ఉండారా?"